ఇతరములలో మా అక్క

మా బావగారు రోజూ ఎక్కి తిరిగే స్కూటరు మా బావగారిది కాదు. అది మా అక్క నడిపే బైండింగు షాపుది. షాపు దాన్ని ఆయనకి అద్దెకిచ్చింది. పెట్రోలు ఎవరు పోయించాలి, సీటు చిరిగితే ఎవరు కుట్టించాలి, అక్కకి అర్జంటుగా పని పడితే ఆయన ఎంతసేపట్లో దిగి తాళాలివ్వాలి, ఇవన్నీ మూడు పేజీల ఒప్పందంలో ఉన్నాయి. అది టైపు చేసింది నేనే. నవ్వాపుకోలేక నాలుగు చోట్ల తప్పులు కొట్టాను. నాలుగూ పట్టుకుని మళ్ళీ కొట్టించారు.

ఆయన పన్నుల లాయరు. కోర్టులో గొంతు చించుకునే రకం కాదు. వ్యాపారాలూ, స్థలాలూ, భవనాలూ చేతులు మారేటప్పుడు ఏది ఎవరి పేర ఉండాలి, ఏది ముందు కదలాలి, ఏది వెనక కదలాలి అని వరస కట్టిపెట్టడం ఆయన విద్య. వరస కుదిరితే పన్ను పిసరంత. కుదరకపోతే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే. "పన్ను ఎగ్గొట్టడం దొంగతనం, మరదలా. పన్ను పడని దారి చూసుకుని నడవడం చదువు" అంటారు. ఆ మాట అన్న ప్రతిసారీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ చదువు నాకు అబ్బనందుకు జాలిపడుతున్నట్టుంటుంది ఆ తుడుచుకోవడం. నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఆయన ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా టైపిస్టుని, గుమస్తాని, బీరువా తాళాలకి కాపలాని. మరదల్ని కాబట్టి జీతం పెంచమని అడగలేను. మరదల్ని కాబట్టే మొహం మీద ఏమైనా అనగలను. ఈ రెండో సుఖం కోసం మొదటి నష్టం భరిస్తున్నాను.

మా భవనం వీధి మూల మీద ఉంటుంది. కింద ముందు గది ఆయన ఆఫీసు. అందులో లోపలి సగం తలుపు పెట్టిన ఆయన గది, బయటి సగంలో నేనూ, క్లయింట్లు కూర్చునే బల్లా. వెనక గది అక్క బైండింగు షాపు, దానికి పక్క సందులోంచి వేరే గుమ్మం ఉంది. రెండు గదులకీ మధ్య పలచటి చెక్క గోడ, అందులో ఒక తలుపు. పై అంతస్తులో అక్కా బావగారూ, మా అమ్మా ఉంటారు. నేను పక్క వీధిలో ఉంటాను గానీ, మా ఆయన మాటల్లో చెప్పాలంటే, పడుకోవడానికి మాత్రమే అక్కడికి వెళ్తాను.

ఈ భవనం కట్టింది మా నాన్న. ఆయన బైండరు. అక్క ఆయన పక్కన పీటేసుకుని కూర్చునే పని నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు, జిగురు వాసనంటే నాకు పడదు. నాన్న నేలలోకి బోల్టులు దించి బిగించిన ఇనప ప్రెస్సు ఇప్పటికీ వెనక గదిలో అలాగే ఉంది. దాని చక్రం తిప్పినప్పుడల్లా ముందు గదిలో నా టీ గ్లాసు సన్నగా వణుకుతుంది.

బావగారు ఈ ఇంటికి మొదట అల్లుడిగా రాలేదు, అద్దెకొచ్చారు. ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి ఆయన ఆస్తల్లా ఒక నల్లకోటు, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇంకా పుట్టలేదు. అద్దె ఒప్పందం తనే రాసుకొస్తానన్నారు. తెచ్చిన కాగితాన్ని నాన్న వెలుతురుకి పట్టి చూశారు. అంచు వేలితో తడిమారు. చెవి దగ్గర పెట్టుకుని టపటపలాడించారు. "కాగితం మంచిదయ్యా" అని సంతకం పెట్టేశారు. అందులో ఏం రాసుందో మాత్రం చూడలేదు.

ఏడాది తిరిగాక, ముందు గదిలో అట్టలు కోసే కొత్త మిషను పెట్టుకుందామని నాన్న ఆయన్ని ఖాళీ చెయ్యమన్నారు. కుర్ర లాయరు ఎంతో వినయంగా లేచి నిలబడి, ఏడో షరతు చదివి వినిపించారు. "అద్దెదారు అద్దె సక్రమముగా చెల్లించుచున్నంత కాలము, అద్దెదారు స్వహస్తముతో వ్రాసి ఇచ్చిన సమ్మతి లేనిదే, సదరు గదిని ఖాళీ చేయించుటకు గాని, సదరు భవనమును అమ్ముటకు, మార్పిడి చేయుటకు, కూల్చుటకు గాని యజమానికి, యజమాని వారసులకు ఎట్టి హక్కును లేదు."

నాన్న మెట్లెక్కి పైకొచ్చారు. "ఇల్లు ఎలాగూ పోయిందే" అన్నారు అమ్మతో. "పోగొట్టుకున్నచోటే వెతుక్కోమన్నారు. పెద్దమ్మాయిని అడుగు, ఆ కుర్రాడు నచ్చుతాడేమో." అక్కని అడిగారు. అక్క అప్పటికే ఏడాదిగా చెక్క గోడ ఇవతల కూర్చుని ఆయన గొంతు వింటోంది. రెండోసారి అడిగించుకోలేదు.

పెళ్ళయ్యాక బావగారు వృత్తిలో పైకొచ్చారు. ఊరికే రాలేదు. చాలామంది లాయర్లు క్లయింటు కూర్చోగానే "ఆస్తి ఎంత?" అంటారు. మా బావగారు తెచ్చిన ఫైలు తెరవరు. దాన్ని బల్ల చివరికి జరిపేసి, మొదట ఒకే ప్రశ్న అడుగుతారు. "ఏది పోతే మీకు ముద్ద దిగదు?"

వచ్చినవాళ్ళు బిక్కమొహం వేస్తారు. కాసేపటికి చెబుతారు. సబ్బుల ఫ్యాక్టరీ అమ్ముతున్న ఒకావిడ, భర్త చేత్తో రాసిన బోర్డుని కొన్నవాడు చెత్తలో పారేస్తాడేమోనని ఏడ్చింది. బావగారు ఆ అమ్మకం దస్తావేజులో, బోర్డు గీత పడకుండా ఆవిడ గుమ్మం ముందు దింపేదాకా రిజిస్ట్రేషను జరగదని రాయించారు. ఐసు ఫ్యాక్టరీ పంచుకుంటున్న అన్నదమ్ములిద్దరు తిట్టుకుని తిట్టుకుని, చివరికి ఇద్దరికీ కావలసింది ఐసు తొట్టి పక్కన మధ్యాహ్నం కునుకు తీసే బల్లేనని బయటపెట్టారు. ఒకరికి సోమ, బుధ, శుక్రవారాలు, ఇంకొకరికి మిగతావి. దాని చుట్టూ మిగిలిన పంపకమంతా గంటలో అయిపోయింది. ఆ ఒక్క జవాబు దొరికితే తక్కినదంతా లెక్కేనంటారు ఆయన.

ఇంతమందిని అడిగిన మనిషి ఇంట్లో ఎవరినీ అడగలేదు. నాన్న పోయాక భవనాన్ని ఒక కంపెనీ కిందికి మార్చారు. అందులో నూటికి అమ్మకి అరవై పాళ్ళు, మా అక్కచెల్లెళ్ళకి చెరి ఇరవై. "ఇక్కడ సంతకం పెట్టండి, అత్తగారూ. చదవక్కర్లేదు" అన్నారు. క్లయింట్లకి మాత్రం గోడ మీద పెద్దక్షరాలతో రాయించి పెట్టారు, చదవకుండా సంతకం చెయ్యవద్దని. అమ్మ ఆ బోర్డు కిందే కూర్చుని సంతకం పెట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయినేడు నాలుగు హోటళ్ళున్న ఒకాయన మా మూలకి మోజుపడ్డాడు. పక్కనున్న రెండు స్థలాలతో కలిపి ఐదో హోటలు కడతాడట. మాకు డబ్బివ్వడు. పెద్ద రోడ్డు మీద కడుతున్న ఇంకో భవనంలో ఐదో అంతస్తు మొత్తం ఇస్తాడు. ఇల్లూ ఆఫీసూ అక్కడే. ఇది మార్పిడి కాబట్టి, దీన్ని కాస్త నేర్పుగా తిప్పితే, పన్ను దాదాపు ఉండదు.

బావగారికి ఆకలి పోయింది. ఆయన ప్రతి వ్యవహారాన్నీ పెద్ద కాగితం మీద డబ్బాలుగా, బాణాలుగా గీస్తారు. ఎర్ర పెన్సిలు పన్నుకి, నీలం ఆస్తికి, పచ్చ మనుషులకి. ఈ బొమ్మకి తొమ్మిది రోజులు పట్టింది. పూర్తయ్యేసరికి కాగితం మీద ఎక్కడా ఎర్ర గీత లేదు. దాన్ని గోడకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, తలొంచి చూసుకుని మురిసిపోయారు. అక్కని కేకేశారు.

అక్క చేతికంటిన జిగురు తుడుచుకుంటూ వచ్చి, బొమ్మ ముందు నిలబడింది. చాలాసేపు వెతికింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

బావగారు కూడా వెతికారు. కాస్త తడబడ్డారు. చివరికి కింద కుడివైపు మూల పెన్సిలు ఆనించారు. అగ్గిపెట్టంత డబ్బా. దాని మీద 'ఇతరములు' అని ఉంది. ఇతరములలో నీళ్ళ పంపు, పాత బీరువాలు, మెట్ల కింది చోటు, బైండింగు షాపు.

"మరి నా షాపు?"

"ఐదో అంతస్తులో నీకు దీనికన్నా పెద్ద గదిస్తాను. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది."

"నా ప్రెస్సు ఐదో అంతస్తు ఎక్కదు."

"తేలికపాటిది కొత్తది కొందాం."

"చిరిగిన పుస్తకం చంకలో పెట్టుకుని సందులోంచి వచ్చేవాళ్ళు, లిఫ్టెక్కి వస్తారా?"

"ఏదో ఒకటి చూద్దాంలే."

మా ఇంట్లో 'ఏదో ఒకటి చూద్దాంలే' అంటే చూడరని అర్థం. అక్క వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గది పోతే అక్కకంటూ మిగిలేది వంటగది. ఆ మాటే ఆయన మొహం మీద అన్నాను. "నువ్వు టైపు చెయ్యి" అన్నారు.

అమ్మని మా వైపు లాగుదామని పైకెళ్ళాను. అమ్మ మోకాళ్ళకి తైలం రాసుకుంటోంది. "లిఫ్టుందిటే" అంది కళ్ళు మెరిపిస్తూ. రెండేళ్ళుగా ఈ మెట్లు దిగలేక అమ్మ వీధి మొహం చూడలేదు. పిట్టగోడ మీంచి వంగి కూరలమ్మేవాడితో పోట్లాడటమే ఆవిడకి షికారు. అరవై పాళ్ళు ఆవిడవి. ఆవిడ సరేనన్నాక మా అక్కచెల్లెళ్ళ నలభై పాళ్ళూ అరణ్యరోదనే. ఆవిణ్ణి తప్పుపట్టనూ లేకపోయాను.

అక్క నోటితో పోట్లాడే మనిషి కాదు. దారంతో పోట్లాడుతుంది. ఆఫీసు ఫైళ్ళన్నీ ఆవిడే కుట్టి బైండు చేస్తుంది. ఆ వారం వచ్చిన ఫైళ్ళన్నీ ఎంత బిగించి కుట్టిందంటే, తెరిస్తే తెరుచుకోవు, వదిలితే ఠప్పున మూసుకుంటాయి. బావగారు ఒక మోచెయ్యి కుడి పేజీ మీద, ఒక మోచెయ్యి ఎడమ పేజీ మీద ఆనించి, ముక్కుతో చదువుతున్నట్టు వంగి చదవాల్సి వచ్చింది. పేజీ తిప్పాలంటే నన్ను పిలిచేవారు. ఆ పైన ఒకరోజు స్కూటరు తాళాలు కనిపించలేదు. ఒప్పందం నాలుగో షరతు ప్రకారం షాపు అవసరార్థం వెనక్కి తీసుకోబడిందని నేను చదివి వినిపించాను. ఆయన గొడుగేసుకుని బస్సుకి వెళ్ళారు.

అయినా బొమ్మ గోడ మీదే ఉంది. ఒక గురువారం పొద్దున్న నన్ను పిలిచి, "హోటలాయన వచ్చే మంగళవారం సంతకాలకి వస్తాడు. ఈలోగా అక్క చేత అద్దె రద్దు కాగితం మీద సంతకం పెట్టించు. పాత అద్దె ఒప్పందం తారీఖు అందులో వెయ్యాలి, బీరువాలోంచి తియ్యి" అన్నారు.

"అక్క పెట్టనంటే?"

"మూడు నెలల నోటీసిస్తే సరిపోతుంది. అన్ని అద్దె ఒప్పందాల్లో ఉండేదే."

నేను బీరువా తీశాను. అక్క అద్దె ఒప్పందం పదకొండేళ్ళ నాటిది. అప్పట్లో పన్నుల ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. భవనం కంపెనీది కదా, వెనక గదిలో ఉన్నావిడ ఎవరు, ఏ హక్కున ఉంటున్నారు అని. 'మా ఆవిడండీ' అంటే చెల్లదు. మర్నాడే హాజరు కావాలి. లాయర్ల ఆఫీసులో ఏదీ కొత్తగా రాయరు. పాత కాగితం తీసి, పేర్లు మార్చి, కొత్త కాగితం చేస్తారు. అందుకని బావగారు కోటు తొడుక్కుంటూనే నాతో, "నేను రాసిన అద్దె డ్రాఫ్టుల్లో అన్నిటికన్నా గట్టిదేదో అది తీసి పేర్లు మార్చు. ఇంకో అక్షరం ముట్టుకోకు" అన్నారు.

ఆయన రాసిన వాటిల్లో అన్నిటికన్నా గట్టిది ఏదో మా ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. నాన్న పేరున్నచోట కంపెనీ పేరు పెట్టాను. ఆయన పేరున్నచోట అక్క పేరు పెట్టాను. కంపెనీ తరఫున ఆయన, తన తరఫున అక్క సంతకం చేశారు. ఆయన చదవలేదు. తను రాసిందే కదా.

ఏడో షరతు అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది.

నేను చేసిన పని మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, నేను ఏమీ చెయ్యలేదంటాను. ఆఫీసు గుట్టు బయటపెట్టడం గుమస్తాకి తగదు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఒప్పందం పాతబడి కుట్టు ఊడింది కాబట్టి, మిగతా ఫైళ్ళ మీద పెట్టి బైండింగుకి పంపించానంతే. బావగారితో "తారీఖు రాసుకున్నాను, కాగితం బైండింగులో ఉంది" అన్నాను. అదీ నిజమే. బైండింగు చేసేవాళ్ళు పేజీల వరస సరిచూసుకోవాలి. ఆ చూడటంలో అక్షరాలు కంటపడితే అది ఎవరి తప్పూ కాదు.

ఆ మధ్యాహ్నం ప్రెస్సు చక్రం చాలాసేపు తిరగలేదు.

సోమవారం పొద్దున్న పదిన్నరకి ఆఫీసులో నలుగురు క్లయింట్లు బల్ల మీద కూర్చుని ఉన్నారు. వీధి గుమ్మంలోంచి అక్క వచ్చింది. చెక్క గోడలో తలుపుండగా, సందు చుట్టూ తిరిగి, చెప్పులు బయట విడిచి వచ్చింది. గోళ్ళలో జిగురు లేదు. ఉతికిన బట్టలు, చంకలో రెండు పుస్తకాలు. నా బల్ల దగ్గర నిలబడి, "లాయరుగారిని కలవాలండీ" అంది.

"పనేమిటో?" అన్నాను, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని.

"అద్దె వ్యవహారం."

సలహా ఫీజు కట్టించుకుని రసీదిచ్చాను. ఐదో నంబరు. అక్క నలుగురి పక్కన బల్ల మీద ఒద్దికగా కూర్చుంది. తన వంతు వచ్చేదాకా గంటంపావు కూర్చుంది. వంతు రాగానే లోపలికి వెళ్ళి, తలుపు వెయ్యకుండా వదిలేసింది. ఇలాంటి వాటిల్లో అక్కని మించినవాళ్ళు లేరు.

బావగారు తలెత్తి, "ఏమిటి, తాళాలా?" అన్నారు.

"నమస్కారమండీ. నాకొక లాయరు కావాలి. నన్ను ఖాళీ చేయిస్తున్నారు. అవతలి పక్షం లాయరు చాలా గట్టివాడట. ఊళ్ళో ఎవరినడిగినా ఆయనకి మీరొక్కరే సరిజోడు అన్నారు."

"బయట జనం ఉన్నారు. హాస్యాలా ఇవి?"

"నేనూ జనంలోంచే వచ్చాను. రసీదుంది."

ఆయన రసీదు చూశారు. నా వైపు చూశారు. నేను టైపు మిషను మీద దుమ్ము తుడుచుకున్నాను.

"చూడు, నేను అమ్మే పక్షం లాయర్ని. రెండు పక్షాలకీ ఒకే మనిషి ఉండకూడదు. అది నియమం."

"అయితే ఏదో ఒక పక్షం వదులుకోండి" అంది అక్క.

బావగారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, ఊరికే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆయన చెయ్యి తనంతట తనే ముందుకొచ్చింది. పాతికేళ్ళ అలవాటు కదా. అక్క పెట్టిన పుస్తకాలని ఆ చెయ్యి బల్ల చివరికి జరిపింది. నోటికొచ్చిన ప్రశ్న కూడా అలవాటుకొద్దీ వచ్చిందే.

"ఏది పోతే మీకు ముద్ద దిగదు?"

అక్కని 'మీకు' అన్నారు. అది ఆయనకే వినిపించి ఉండాలి, మొహం ఎర్రబడింది.

అక్క గోళ్ళకేసి చూసుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో వేళాకోళం లేదు.

"గది పోతే ఇంకో గది వస్తుంది. ప్రెస్సు పోతే తేలికది కొనుక్కోవచ్చు. నేను ఆ చెక్క గోడ అవతల కూర్చుని, మీరు ఈ ప్రశ్న అడగడం ఎన్ని వందలసార్లు విన్నానో నాకే తెలియదు. సబ్బులావిణ్ణి అడిగారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళని అడిగారు. దారినపోయేవాణ్ణి కూడా అడిగారు. విన్నప్పుడల్లా, ఎంత మంచి మనిషిని చేసుకున్నాను అనుకునేదాన్ని. ఏదో ఒకరోజు నా వంతు వస్తుంది కదా అనుకునేదాన్ని. ఇవాళ ఫీజు కట్టి తెచ్చుకున్నాను ఆ వంతు. నన్నెవరూ అడగకుండా నా గది పోతే, ముద్ద దిగదండీ."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోను, వచ్చింది. బయట బల్ల మీద కొత్తగా వచ్చి కూర్చున్న పాల డెయిరీ ఆయన కూడా ముక్కు చీదుకున్నాడు. తలుపు తెరిచే ఉంది మరి.

బావగారు జరిపేసిన పుస్తకాలని మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. మొదటిది అద్దె ఒప్పందం. కొత్త అట్ట, కొత్త కుట్టు, ఈసారి వేలితో తాకగానే పరుచుకుని తెరుచుకుంది. మొదటి పేజీ నాలుగు వరసలు చదివేసరికి ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి. తర్వాతి వరసలు కాగితం చూడకుండానే వస్తున్నాయి ఆయనకి. ఏడో షరతు దగ్గర ఆగారు. రెండుసార్లు చదివారు. పెన్సిలు తీసుకుని, సందు ఎక్కడైనా దొరుకుతుందేమోనని మాటమాటకీ ఆగుతూ మూడోసారి చదివారు. నాకు అప్పుడు కోపం రావాలి. రాలేదు. ఆయన కళ్ళల్లో ఉన్నది భయం కాదు, గర్వం. ఎప్పుడో తప్పిపోయిన పిల్లాడు పెద్దవాడై ఎదురొచ్చినట్టు చూస్తున్నారు ఆ షరతుని.

"అద్దె సక్రమంగా కట్టి ఉంటేనే ఇది చెల్లుతుంది" అన్నారు చివరికి, లాయరు గొంతుతో.

అక్క రెండో పుస్తకం ముందుకి తోసింది. పదకొండేళ్ళ అద్దె రసీదులు, నెలకొకటి చొప్పున నూట ముప్పై రెండు, వరసగా కుట్టి, చిన్న నోటుబుక్కులా బైండు చేసి ఉన్నాయి. నెలనెలా ఒకటో తారీఖున అక్క చెక్కు తెచ్చేది, నేను రసీదు రాసేదాన్ని. పన్నులవాళ్ళ కోసం కాగితం శుభ్రంగా ఉండాలని రూలు పెట్టింది ఆయనే.

ఆయన ఒక్కో రసీదూ తిప్పి చూశారు. పుస్తకం మూశారు.

"ఇది రాసినవాడు..." అని ఆగారు.

"ఒక కుర్రాడు" అంది అక్క. "తనని ఎవరూ బయటికి పంపకుండా రాసుకున్నాడు. మా నాన్న పంపలేదు కూడా."

బావగారు లేచి, గోడకి ఆనించిన బొమ్మ తీసి, చుట్ట చుట్టి, బీరువా వెనక పెట్టారు. తొమ్మిది రోజుల పని. వచ్చి కూర్చున్నారు. క్లయింటుతో మాట్లాడినట్టే, అక్క కళ్ళల్లోకి చూస్తూ అన్నారు.

"సంతకం పెట్టకండి."

అక్క తలూపింది. లేవలేదు. "ఇంకో చిన్న సందేహం. అదే ఇంట్లో పెద్దావిడ ఒకరున్నారు. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేరు. లిఫ్టు మీద ఆశపెట్టుకున్నారు. ఆవిడకేం దారి?"

ఆయన చిన్న కాగితం లాగి రెండు డబ్బాలు గీశారు, పైనొకటి, కిందొకటి. పచ్చ పెన్సిలుతో పై డబ్బాలోంచి కింది డబ్బాలోకి బాణం వేశారు. కింది డబ్బా ముందు గది. అందులో ఎవరున్నారో చూసుకుని పెన్సిలు ఆపారు.

"ముందు గదిలో ఒక అద్దెదారు ఉన్నాడు" అన్నారు నెమ్మదిగా.

"ఖాళీ చేస్తాడంటారా?"

"కష్టం. అతని ఒప్పందం కూడా గట్టిదే. అతను చేత్తో రాసిస్తే తప్ప ఎవరూ కదపలేరు."

"ఒకసారి అడిగి చూడండి" అంది అక్క.

మర్నాడు హోటలాయన వచ్చాడు. ఏడో షరతు రెండుసార్లు చదివి, కోప్పడతాడనుకుంటే, "ఇది ఎవరు రాశారండీ? నేను అద్దెకున్న రెండు హోటళ్ళకీ ఇలాంటిదే కావాలి" అన్నాడు. పక్క స్థలాలు రెండూ కొనుక్కుని, మా మూల దగ్గర హోటలుని కాస్త వంచి కట్టుకున్నాడు. ఇప్పుడు బావగారి క్లయింటే.

అమ్మ ముందు గదిలోకి దిగింది. కిటికీ దగ్గర మంచం వేయించుకుని, కూరలవాడితో ఎదురెదురుగా పోట్లాడుతోంది. బావగారి ఆఫీసు పైకి మారింది. ఆయనా, నేనూ, ఫైళ్ళూ, ఆయాసపడే క్లయింట్లూ రోజూ ఆ మెట్లే ఎక్కుతున్నాం. చెక్క గోడ అవతలి మాటలు ఇప్పుడు అక్కకి వినిపించవు. అందుకని మధ్యాహ్నం ఆయనే కిందికి దిగి, ప్రెస్సు పక్కన పీట మీద కూర్చుని, పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళకి ఏది పోతే ముద్ద దిగదో చెబుతారు. ఏ వ్యవహారం ఎలా కట్టాలో అక్క దారం లాగుతూ చెబుతుంది. ఫీజులో వాటా అడగమని నేను చెబుతున్నాను.

మారేముందు బావగారు రాసివ్వాల్సిన సమ్మతి రాసిచ్చారు. పాత కాగితం మీద పేర్లు మార్చి కాదు. చేత్తో, మొదటి అక్షరం నుంచీ తనే రాశారు. మా నాన్న ఖాళీ చేయించలేని అద్దెదారు, పాతికేళ్ళ తర్వాత ఆయన పెద్దకూతురు అడిగితే కదిలాడు. ఆ కాగితం అక్క చేతికి నేనే ఇచ్చాను. అక్క దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. అంచు వేలితో తడిమింది. చెవి దగ్గర పెట్టుకుని టపటపలాడించింది.

"కాగితం మంచిదే" అంది. తర్వాత కూర్చుని, ప్రతి వరసా చదివింది.